నర్సింగ్ మాట ఇంటలేడు

చెవుల పరీక్ష చేసే కొలువుల కొత్తగ చేరుతున్న పిల్లలకు ముందుగాల ఒక సంగతి చెప్పాలె. మీరు మిషిన్ నేర్చుకోని వస్తరు. మంచిదే, నేను గూడ నేర్చుకోనే వచ్చిన. కాని రెండు చెవుల నడుమ ఒక మెదడు ఉంటదని, అది ఎవ్వరి మాట ఇనని మొండిదని నాకు కోర్సుల ఒక్కరు చెప్పలె. వాలంటరీ రిటైర్మెంట్ తీస్కోని ఇంట్ల కూసున్నంక గూడ దాని సంగతి నాకు పూర్తిగ సమజ్ కాలె. సమజ్ కానిదాన్ని అయినట్టు రాసుడు పెద్ద పెద్ద డాక్టర్ల పని. నేను కానిది కానట్టే రాస్త.

డబ్బా

నేను పనిచేసింది కంచన్‌బాగ్ దిక్కు ఒక లోహాల కార్ఖానల. పేరు చెప్ప. అందుల హ్యామర్ షాపు అని ఒకటుండె. ఎర్రగ కాలిన ఇనుప దిమ్మె మీద సుత్తె పడుతది. సుత్తె అంటె ఇంట్ల మొల కొట్టేది అనుకునేరు. రెండంతస్తుల ఇల్లు మీదికెళ్లి దుంకినట్టు పడుతది. అది పడ్డప్పుడల్ల చాంద్రాయణగుట్ట హోటళ్లల్ల చాయ్ మీద మీగడ పగులుతుండె. నమ్మకపోతె మీ ఇష్టం, మీగడ పగిలిన చాయ్ నేనే తాగిన.

ఆ షాపుల పనిచేసేటోళ్ల చెవులు చూసుడు నా కొలువు. డిస్పెన్సరీల ఒక మూలకు బయటి చప్పుడు రాని చిన్న గది. మేమంత దాన్ని డబ్బా అంటుంటిమి. అందుల మనిషిని కూసోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, చేతికి ఒక బటన్ ఇస్తం. మిషిన్ల కెళ్లి సన్నటి కూత పంపిస్తం. ఇనవడితె నొక్కాలె, లేకపోతె ఊకోవాలె. గంతే. చూస్తె మస్తు అల్కటి పని.

డబ్బా ఎంత నిశ్శబ్దమంటె, కొంచెంసేపు కూసుంటె గడ్డం పెరిగే చప్పుడు ఇనవడుతది. ఒకాయన లోపల కూసోని బటన్ నొక్కుతనే ఉన్నడు, నేనింక మిషిన్ చాలూ గూడ చెయ్యలె. "ఏం ఇనవడ్డది బాపూ?" అని అడిగితె, "ధడ్ ధడ్ అంటున్నది సారూ" అన్నడు. ఆయన గుండె అది. ఇంకొకాయనకు అమ్మవారి గజ్జెలు ఇనవడ్డయి. చెప్పులు ఇడిచి, డబ్బాకు దండం పెట్టి బయటికొచ్చిండు. మూడో ఆయన ఇంక మర్యాదస్తుడు. "ఏం ఇనవడలె. కాని మీరు ఇంత కష్టపడ్తున్నరు, ఒక్కసారన్న నొక్కకపోతె ఏమనుకుంటరో అని నొక్కిన" అన్నడు.

అప్పుడు తెలిసింది నాకు, మెదడుకు ఖాళీ జాగ నచ్చదని. చప్పుడు దొరకకపోతె అదే తయారుచేసుకుంటది. హ్యామర్ షాపుల జిందగీ అంత పనిచేసి దిగిపోయిన ఒక పెద్దమనిషికి ఇంట్ల నిద్ర పట్టకపాయె. కొడుకులు ఫ్యాను చప్పుడు రాకుండ బాగుచేయిస్తె ఇంక పట్టకపాయె. చివరికి నయాపూల్ కాడ రోడ్డు మీదికి కిటికీ ఉన్న గది కిరాయికి తీస్కున్నడు. బస్సుల హారన్లు జోల పాడుతుంటె హాయిగ పండుకుంటున్నడు.

మా డిస్పెన్సరీ పెద్ద డాక్టర్ విమలమ్మ మేడం. ఆమె కండ్లద్దాల మీదికెళ్లి చూస్తె బీపీ మిషిన్ గూడ భయపడి ఉన్నదున్నట్టు చెప్తుండె. చెవి అబద్ధం ఆడదు, మనిషి ఆడ్తడు అని ఆమె నమ్మకం. మంచి డాక్టర్. కాని నమ్మకం అనేది చెవుల గుమిలి అసొంటిది, పేరుకున్నకొద్ది మనకు తెలువది. ఈ ముచ్చట ఆమె ముందటనే చెప్పిన, నవ్వింది. అందుకే రాస్తున్న.

నల్లా కాడ

మా గల్లీ లాల్‌దర్వాజల ఉంటది. హ్యామర్ షాపు నర్సింగ్ అదే గల్లీల రెండిండ్లవతల కిరాయికుంటడు. ఒకనాడు పొద్దున నల్లా కాడ ఆయన భార్య యాదమ్మ నన్ను ఆపింది.

"అన్నా, మా ఆయన చెవులు ఎట్లున్నయో నీ మిషిన్ల చూసి చెప్పాలె."

"ఏమైంది చెల్లె?"

"మాట ఇంటలేడు."

నేను నవ్విన. "గా రోగానికి మిషిన్ లేదు చెల్లె. ఉంటె మా ఇంటామె ముందుగాల నన్నే అందుల కూసోబెట్టి తాళమేస్తుండె."

ఆమె నవ్వలె. బిందె కింద పెట్టింది. "నవ్వకన్నా. చెవులు కరాబున్నయంటె సరే, సంసారం చేస్త. మంచిగున్నయంటె మాత్రం కావాల్నని ఇంటలేడన్నట్టే. గట్లయితె మా పోరి మౌనికను తీస్కోని షాద్‌నగర్ల మా అన్నింటికి పోత. మళ్ల రాను."

మొగని చెవులు కరాబు కావాల్నని మొక్కే ఆడిమనిషిని నేను అదే మొదలు చూసుడు.

"గంత కోపమా?"

"కోపం గాదు. పోయిన నెల పోరికి జరమొచ్చింది. అన్నం తింటుంటె చెప్పిన, పిల్ల ఒళ్లు కాలిపోతుంది, దవాఖానకు తీస్కపోదామని. చారు పోస్కున్నడు, అప్పడం నమిలిండు, లేచి డ్యూటీకి పోయిండు. నేనొక్కదాన్నే ఎత్తుకపోయిన. తినేటప్పుడైతె అసలే ఇనడు. ఇంటి సంగతులు నేను అప్పుడు గాక ఇంకెప్పుడు చెప్పాలె? వాళ్లమ్మ గూడ గంతే. పిలిస్తె పలుకకపోవు. పానం పోయెదాక పొగరు దిగలె మా అత్తకు. ఆ రక్తమే ఇది."

మన భాషల ఒక చిక్కున్నది చూడుండ్రి. మాట ఇనవడకున్నా మాట ఇంటలేడనే అంటరు, ఇనవడి లెక్కచెయ్యకున్నా మాట ఇంటలేడనే అంటరు. ఒకటి చెవి తప్పు, ఇంకొకటి మనిషి తప్పు. రెండింటికి ఒకటే మాట. యాదమ్మ, వాళ్లన్న, గల్లీ, అందరు ఆ మాటను ఒకటే దిక్కు అర్థం చేసుకున్నరు. డబ్బాల కూసోబెట్టే జీతగాన్ని, నేను గూడ అటుదిక్కే నవ్విన.

గఫార్ భాయ్ సాక్ష్యం

నర్సింగ్‌ను డబ్బాల కూసోబెట్టిన. సన్నటి కూత పంపిన. నొక్కలె. పెంచిన. నొక్కలె. ఇంక పెంచిన. అవతల కాంపౌండర్ తలకాయ పట్టుకున్నడు, నర్సింగ్ మాత్రం డబ్బా గోడకున్న పురుగును చూస్కుంట కూసున్నడు. మస్తు పెంచినంక మెల్లగ నొక్కిండు. రెండు చెవులు గట్లనే.

నేను లోపల లోపల సంబరపడ్డ. చెవులు కరాబే. సంసారం నిలబడ్డది. లడ్డూలు పంచుదామనుకున్న.

అంతల షాపు ఫోర్‌మన్ గఫార్ భాయ్ బీపీ చూపించుకుంటందుకు వచ్చిండు. సంగతి ఇని కుర్చీల కెళ్లి లేచిండు.

"అరే క్యా బాతాఁ కర్రై సాబ్! నర్సింగ్‌కు చెవుడా? బిల్లీ కే కాన్ హై ఉస్కే, పిల్లి చెవులు! హ్యామర్ నడుస్తుంటె నేను ఈ కొసకెళ్లి పిలుస్త. మిగిలినోళ్లకు చేతులు ఊపాలె, జెండా చూపాలె. మొట్టమొదట తిరిగి చూసేటోడు వాడే."

విమలమ్మ మేడం అద్దాల మీదికెళ్లి చూసింది. "క్లియర్‌గా యాక్టింగ్. హ్యామర్ కింద వినపడే మనిషికి డబ్బాలో వినపడదా? లైట్ డ్యూటీ కావాలి, అంతే. మళ్లీ పరీక్ష చెయ్యండి. అప్పుడూ ఇట్లనే అయితే నాటకం అని నేనే రాస్తా."

చెవి వెనుక ఎముక మీద పెట్టి పరీక్ష చేసే ముక్క ఒకటుంటది మిషిన్‌కు. అది ఉంటె అప్పుడే తేలుతుండె. దాని వైరు తెగి రిపేరుకు పోయింది. రిపేరుకు పోయిన సామాను మన దగ్గర పుణ్యక్షేత్రాలు తిరిగే ముసలోళ్ల లెక్క, ఎప్పుడొస్తదో దానికే తెలువది.

నేను నర్సింగ్‌ను చాయ్‌కు తీస్కపోయిన. "నిజం చెప్పు తమ్మీ. ఇంట్ల యాదమ్మ మాట ఇనవడదా నీకు?"

ఆయన గొంతు మస్తు చిన్నది. హ్యామర్ షాపుల చెవులు పోయినోళ్లు మైకు మింగినట్టు మాట్లాడ్తరు, నలుగురు కలిస్తె పోలీసులు వస్తరు. ఈయన మాత్రం కొత్త పెండ్లికొడుకు అత్తను నీళ్లడిగినట్టు మాట్లాడ్తడు. నేను మీదికి వంగి ఇన్న.

"నాకు చెవుడేంది అన్నా? షాపుల అందరికన్న ముందు నేనే ఇంట. ఆమెనే నాతోని మాట్లాడుడు బంద్ చేసింది. పెదవులు ఆడ్తయి, గంతే. కోపమొచ్చి లోపల్నే గులుగుతుందనుకుంట. ఏమన్నవని అడిగితె ఇంక కోపమొస్తది. అందుకే అడుగుతలేను."

"మరి పోరి జరం?"

చాయ్ కప్పు పెదవుల కాడనే ఆగింది. "జరమొచ్చిందా?"

ఆయన మొఖం చూసినంక నాటకమని నేను ఒప్పుకోలేను. గఫార్ భాయ్‌ని చూస్తె చెవుడని ఒప్పుకోలేను. ఈ చెవులు డ్యూటీకి వస్తయి, ఇంటికి పోవు. ఆధార్ కార్డు మీద కార్ఖాన అడ్రసున్న చెవులు నేను యాడ సూడలె.

దీపం

ఆషాఢం వచ్చింది. మా గల్లీల బోనాలంటె ఇంక చెప్పెటట్టు లేదు. డప్పులు, తీన్‌మార్, డీజే బండి, పోతరాజు కొరడా. ఆ ఆదివారం నా చెవుల కెళ్లి పొగ వచ్చింది. మా ఇంటి గోడ మీది గడియారం డప్పుకు తాళమేసుకుంట ఒక గంట ముందుకు పోయింది.

యాదమ్మ తలమీద బోనమెత్తుకోని నా పక్కనే నడుస్తుంది. నర్సింగ్ మస్తు ముందటికి పోయిండు, డప్పులోళ్లను ఆనుకోని ఎవరితోనో మాట్లాడుకుంట. గాలికి బోనం మీది దీపం కొట్టుకుంటున్నది. ఆరితె మంచిది గాదని ఆమెకు గాబరా. తల తిప్పరాదు, చేతులు ఇడవరాదు.

"ఓ మౌనిక బాపూ! దీపం!"

పక్కనున్న నాకే సగం ఇనవడ్డది. ఆ సగం గూడ ఆమె పెదవులు చూస్తె సమజయ్యింది. అంత దూరంల నర్సింగ్ టక్కున వెనుకకు తిరిగిండు. మందిని తోసుకుంట వచ్చి, చేతులు అడ్డం పెట్టి దీపం నిలబెట్టిండు. మళ్ల డప్పుల్లకు పోయిండు.

నేను అట్లనే నిలబడ్డ. వెనుకోళ్లు వచ్చి నా మడిమెలు తొక్కిన్రు.

బోనం సమర్పించుడైనంక యాదమ్మ నా దిక్కు చూసింది. ఏడుపు గాదు, కోపం గాదు, రెండు కలిసిన మొఖం.

"చూసినవ్ గదన్నా? ఇంత లొల్లిల ఇన్నడు. ఇంట్ల, పక్కన కూసోని చెప్తె ఇనడు. చెవులు బంగారం లెక్కున్నయి. నీ మిషిన్ వద్దు ఏం వద్దు, మంగళారం మా అన్న ఆటో తీస్కోని వస్తుండు."

కాదందామంటె, నేనే కండ్లతోని చూసిన గదా.

సొరుగుల ఉన్నది

సోమవారం పొద్దున నర్సింగ్‌ను, యాదమ్మను ఇద్దరిని బతిమాలి డిస్పెన్సరీకి తెచ్చిన. విమలమ్మ మేడం దగ్గర నిన్నటి కథ చెప్పిన. డప్పులు ఇంకింత పెంచే చెప్పిన, అలవాటు.

మేడం పెన్ను కింద పెట్టింది. "డప్పుల మధ్య విన్నాడా? పక్కనున్న నీకు వినపడలేదా?"

"సగమే మేడం."

"ఇతను మాట్లాడేది ఎప్పుడూ ఇంత చిన్నగానేనా?"

"గంతే మేడం."

"తినేటప్పుడు అసలు వినడా?"

"అసలే ఇనడు" అన్నది యాదమ్మ.

మేడం సొరుగు గుంజింది. అడుగున, సూదుల డబ్బా కింద, ఒక ఇనుప ఫోర్కు. రెండు కొమ్ములుంటయి, కొడితె సన్నగ మోగుతది. బడిల సైన్సు సార్ల దగ్గర గూడ ఉంటది. ఆమె దాన్ని మోచెయ్యికి కొట్టి నర్సింగ్ చెవి ముందట పెట్టింది. ఆయన తల అడ్డంగ ఊపిండు. మోగుతున్న దాని కాడను చెవి వెనుక ఎముక మీద ఆనించింది.

నర్సింగ్ కండ్లు పెద్దగైనయి. "మోగుతుంది!"

మళ్ల ముందట. లేదు. మళ్ల ఎముక మీద. "మోగుతుంది మేడం!"

మేడం కుర్చీల ఎనుకకు వాలింది. "నరం బాగుంది. మెదడు బాగుంది. చెవి లోపల బియ్యపు గింజకన్నా చిన్న ఎముక ఒకటుంటుంది, అది కదలాలి. ఇతనికి బిగుసుకుపోయినట్టుంది. నాటకం కాదు. నేనే తప్పు పట్టాను."

"మరి డప్పులల్ల?" అన్నది యాదమ్మ. ఆమె ఇంక ఒప్పుకోలె.

"నువ్వు నీ రెండు చెవులు వేళ్లతో గట్టిగా మూసుకో. ఇప్పుడు మాట్లాడు."

యాదమ్మ మూసుకున్నది. "ఏం మాట్లా..." అని ఆగిపోయింది. మళ్ల చిన్నగ, "అబ్బ, నా గొంతు నాకే గుయ్యిమంటున్నది" అన్నది.

"చూశావా, వెంటనే చిన్నగా మాట్లాడావు. అతనిది రోజూ ఇదే. తన గొంతు తనకు లోపల మోగుతుంది, అందుకే చిన్నగా మాట్లాడతాడు. అతను చిన్నగా మాట్లాడితే నువ్వూ చిన్నగానే జవాబిస్తావు. ఇంట్లో ఎవరైనా అంతే. ఇప్పుడు దీన్ని నములు."

నా టిఫిన్ డబ్బాల కెళ్లి ఒక మురుకు తీసి ఇచ్చింది. యాదమ్మ చెవులు మూసుకోని నమిలింది. నేను పక్కకెళ్లి ఏదో అన్న. ఆమెకు ఇనవడలె. తలకాయల రోడ్డు రోలర్ తిరుగుతున్నట్టున్నదట.

"డప్పుల్లో ఎవరి గొంతైనా దానంతటదే పెరుగుతుంది. ఎవరూ చెప్పక్కర్లేదు, మెదడే పెంచేస్తుంది. నీ గొంతూ పెరిగింది. మనకు డప్పు చెవులు నింపేస్తుంది. అతనికి డప్పు దూరంగా ఎక్కడో మోగుతుంది, పెరిగిన నీ గొంతు మాత్రం అందుతుంది. కార్ఖానాలో గఫార్ భాయ్ అరుపు అందినట్టే."

నర్సింగ్ అందరి మొఖాలు చూస్తుండు. సగం ఇనవడలె ఆయనకు. యాదమ్మ ఆయన దిక్కు చూడలె. చెవుల కెళ్లి వేళ్లు మెల్లగ తీసింది.

"మేడం, ఇది తల్లికెళ్లి పిల్లలకు వస్తదా?"

"రావచ్చు. చాలా ఇళ్లల్లో వస్తుంది."

"మా అత్త... పిలిస్తె పలుకకపోవు." కొంగు సవరించుకున్నది. "ఆమెతోని నేను సరిగ మాట్లాడనే లేదు మేడం. పొగరనుకుంటి."

మేడం ఫోర్కును మళ్ల సొరుగుల పెట్టింది. ఆ ముసలామె ఇంక డబ్బాల కూసునేటందుకు రాదు. పిల్లలూ, మీ పనిల గిసొంటిది ఒకటి తప్పక వస్తది, ఏ మిషిన్ కొలువరానిది. ఆ టైంకు నోరు మూసుకోని ఉండుండ్రి. నాకు అదొక్కటే మస్తు కష్టమైన ట్రైనింగ్.

మిక్సీ

మంగళారం షాద్‌నగర్ కెళ్లి ఆటో వచ్చింది. యాదమ్మ వాళ్లన్నకు కడుపునిండ బోనాల కూర పెట్టి, మిగిలింది డబ్బాల కట్టిచ్చి అదే ఆటోల పంపించింది. పాపం, చెల్లెను తీస్కపోను వచ్చినాయన మాంసం తీస్కోని పోయిండు. సంగతి ఏందో ఆయనకు ఇప్పటికీ సమజ్ కాలెనట. నాకు జోడు దొరికిండు.

ఆపరేషన్‌కు పెద్ద దవాఖానల పేరు రాయించినం. తారీకు రావాలంటె టైం పడుతది. అప్పటిదాక మొగనితోని గట్టిగ మాట్లాడుమని మేడం చెప్పింది. కాని మా గల్లీల గోడలు అప్పడాల లెక్కుంటయి. యాదమ్మ ఒక్కరోజు గట్టిగ మాట్లాడితె పక్కింటోళ్లు మొగడు పెండ్లాల లొల్లి అనుకోని పంచాయతి చేస్తందుకు వచ్చిన్రు.

అప్పుడు ఆమె ఒక ఉపాయం చేసింది. సంగతి చెప్పాల్నంటె మిక్సీ ఏస్తుండె. మిక్సీ లొల్లిల గొంతు దానంతటదే పెరుగుతది, ఆయనకు మంచిగ ఇనవడుతది, పక్కింటోళ్లు చట్నీ అనుకుంటరు. మా గల్లీల అందరు వీళ్లు ఇడ్లీ బండి పెడ్తున్నరని గట్టిగ నమ్మిన్రు. ఒకామె రేటు గూడ అడిగింది. ఆ నెలలల్ల వాళ్లిద్దరు మాట్లాడుకున్నంత నేను నా భార్యతోని పెండ్లయినకాంచి మాట్లాడలె.

ఆపరేషన్ ఒక చెవికి అయ్యింది. కట్టు ఇప్పినంక నర్సింగ్ నా దగ్గరికొచ్చి, "అన్నా, చెప్పులు ఇంత చప్పుడు చేస్తయా? ఫ్యాను, కాకి, గాజులు, పక్కింటాయన దగ్గు, అన్ని ఒక్కపారే లోపలికొస్తున్నయి. వీటిల ఏది ఇనాలె?" అని మొత్తుకున్నడు. ఆయన మెదడు ఇన్నేండ్లు సెలవుల ఉండె, ఒక్కపారి డ్యూటీకి పిలిచినం. నాకు అప్పుడు అనిపించింది, మంచి చెవులున్నోళ్ల మెదడుకు పెద్ద పని ఇనుడు గాదేమో, ఇనకుండ ఉండుడేమో. గట్లయితె ఇన్నేండ్లు నేను డబ్బాల కొలిచింది ఏంది? సగం కథనే.

మొన్న వాళ్లింటికి పోయిన. వాకిట్లకెళ్లే మిక్సీ చప్పుడు. ఇంక ఆదత్ పోలేదనుకున్న. లోపలికి పోయి చూస్తె, స్విచ్ మీద చెయ్యి నర్సింగ్‌ది. జార్ల ఏం లేదు, ఖాళీ. యాదమ్మ ఎదురుంగ నిలబడి చేతులూపుకుంట ఏదో చెప్తుంది.

నన్ను చూసి ఆమె ఒర్రింది. "చూడన్నా! అప్పుడు ఇనవడక పోయినయన్ని ఒక్కొక్కటి మళ్ల చెప్పుకుంట వస్తున్న. పెండ్లయిన కొత్తల కెళ్లి మొదలువెట్టిన. ఇంక పోరి పుట్టుడు కాడికి గూడ రాలె, ఇనవడకుండ మిక్సీ ఏస్తుండు!"

"ఎందుకేసినవ్ తమ్మీ?" అని నేను గూడ ఒర్రిన.

నర్సింగ్ చెవి మీద చెయ్యి పెట్టుకోని నవ్విండు. ఏదో అన్నడు. ఆయన గొంతు ఇంక అలవాటున చిన్నగనే ఉన్నది. నాకు ఒక్క ముక్క ఇనవడలె.

యాదమ్మ మాత్రం ఇన్నది. ఇని, చేతులూపుడు ఆపి, పక్కున నవ్వి, ఆయన చెయ్యి మీద ఒకటి కొట్టి, మిక్సీ అట్లనే ఉండనిచ్చి తన కథ మళ్ల అందుకున్నది.

ఆమె చెవులు నేనెప్పుడు పరీక్ష చెయ్యలె. అంత లొల్లిల ఎట్ల ఇన్నదో నాకు తెలువది.